కర్నూల్లో నది ఒడ్డు వెతుక్కుంటూ

కర్నూలు వెళ్తున్నామంటే అందరూ కొండారెడ్డి బురుజు, ఓర్వకల్లు రాక్ గార్డెన్ చూడమన్నారు. చూశాం. ఓర్వకల్లు మాత్రం పొద్దున్నే పోవాలి, ఎండెక్కితే ఆ రాళ్ల మధ్య పెనం మీద నిలబడ్డట్టే.

నాకు కావాల్సింది నది. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసే ఊరాయె. లాడ్జిలో 'రివర్ వ్యూ' గదికి మూడొందలు ఎక్కువ తీసుకున్నారు. కిటికీ తీస్తే పక్క మేడ మీది సింటెక్స్ ట్యాంకు! గది శుభ్రంగానే ఉంది, వేణ్నీళ్లూ వచ్చాయి, కాబట్టి గొడవ పెట్టుకోలేదు.

సాయంత్రం సంకల్‌బాగ్ ఘాట్ మెట్ల మీద కాసేపు కూర్చున్నాం. దూరంగా పైకప్పు లేని పాత గోడౌన్ ఒకటి కనిపించింది. "ఆడేముంది సార్, కంపచెట్లు తప్ప" అన్నాడు ఆటో అతను. అయినా పోయాను. మొండిగోడలు, తుప్పు దూలాలు, ఒక మూల కట్టేసిన రెండు మేకలు. వాటి యజమాని, ముసలాయన, నా తలకంటే పైనున్న మట్టి చార చూపించాడు. "తొమ్మిదిలో వచ్చిన నీళ్లు నాయనా. రేకులు గూడా మునిగినాయి." 2009 అక్టోబరు వరద గురించి పేపర్లో చదవడం వేరు, ఆ చార కింద నిలబడటం వేరు.

అక్కడే సియాటెల్ గుర్తొచ్చింది. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూసిన గ్యాస్ వర్క్స్ పార్కు. 1956లో మూతపడ్డ గ్యాస్ ఫ్యాక్టరీ అది, లేక్ యూనియన్ ఒడ్డున. రిచర్డ్ హాగ్ అనే డిజైనర్ టవర్లు పడగొట్టొద్దని పట్టుబట్టాడట. 1975లో పార్కుగా తెరిచారు. యంత్రాల షెడ్డులో ఇనుప చక్రాలకు రంగులేసి పిల్లలకు వదిలేశారు, శిథిలాల గుట్ట మీద మట్టి కప్పితే గాలిపటాల కొండయింది. అంతా బాగుందని కాదు. నేలలో తారు విషం ఇంకా పోలేదు, నీళ్లలోకి దిగనివ్వరు.

మన గోడౌన్‌కి ఆ విషం బెడద ఉన్నట్టు లేదు, ఉన్నదల్లా వరదే. అందుకే ఫుడ్ కోర్టులూ, లైటింగ్ బొమ్మలూ వద్దు. కంప కొట్టేసి, కానుగలు నాటి, నాలుగు రాతి అరుగులు వేస్తే మునిగినా కడుక్కోవచ్చు. ఆ చార ఉన్న గోడను మాత్రం ముట్టుకోకూడదు.

మర్నాడు ఉగ్గాని, బజ్జీ తిని గార్గేయపురం నగరవనం పోయాం. పక్కనే చెరువు, నీడలో నడక, పిల్లలు కదలమంటే కదల్లేదు. ప్రస్తుతానికి నీళ్ల పక్కన కూర్చోవాలంటే నా ఓటు దానికే. వెళ్లిన ఆటోనే ఆగమని చెప్పండి, మేం తిరుగు ఆటో కోసం ముప్పావుగంట రోడ్డు మీద నిలబడ్డాం.