దామిని, మేఘదూత్ యాప్‌లు: కళ్యాణదుర్గం వైపు మెట్ట రైతు మాట

మేఘదూత్ వాతావరణం, పంటల సలహా చెప్పే యాప్; దామిని పిడుగుల హెచ్చరిక ఇచ్చే యాప్. రెండూ ఉచితమే, రెండిట్లోనూ తెలుగు ఉంది. మాది ఎర్రనేల, బోరు లేదు. చెనక్కాయ (వేరుశనగ) వేస్తాం, మరిది గొర్రెలు మేపుతాడు. మాలాంటి వాళ్లకు ఇవి ఎంతవరకు పనికొస్తాయో రాస్తున్నా.

మేఘదూత్ 2019లో వచ్చింది. రాబోయే రోజుల వాన, ఎండ, తేమ, గాలి చూపిస్తుంది. మంగళ, శుక్రవారాల్లో పంటల సలహా ఇస్తారు. సలహా బాగుంటుంది. వాన ఉందని తెలిస్తే ఆ రోజు మందు కొట్టం, ఆ మేరకు డబ్బు మిగిలినట్టే. పేచీ వాన లెక్క దగ్గరే. ఆ అంకె జిల్లాకో మండలానికో ఇస్తారు. మాకేమో రోడ్డుకు ఆ పక్క తడిసి, ఈ పక్క దుమ్ము లేస్తుంది. మా అనంతపురం జిల్లాకు ఏడాది వాన సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. ఎంత పడిందన్నదాని కంటే ఎప్పుడు పడిందన్నదే మాకు పంట. ఊడలు (కాయ కట్టే కాడలు) నేలలోకి దిగేటప్పుడు పదును (నేలలో తడి) లేకుండా పోయి, కట్టె (కాయలున్న చెట్టు) పీకి ఆరేసినాక కుమ్మరించినా కాగితం మీద అది సాధారణ వర్షపాతమే! అందుకే ఈ యాప్ చూసి విత్తను. కట్టె పీకేముందు మాత్రం తప్పకుండా చూస్తా.

దామిని సంగతి వేరు. పూణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ చేసింది. దేశమంతా పెట్టిన సెన్సర్లు పిడుగు ఎక్కడ పడిందో పసిగడతాయి. మనకు 20, 40 కిలోమీటర్ల లోపు ఉంటే మ్యాప్‌లో కనిపిస్తుంది, హెచ్చరిక వస్తుంది. లొకేషన్ ఆన్‌లో ఉండాలి, ఛార్జింగ్ కూడా బాగా తింటుంది.

మరిది దగ్గర ఉన్నది బటన్ ఫోను. అందుకని ఎండాకాలం సాయంత్రాలు దామిని చూసే పని నాది. మొన్న మే నెలలో ఫోన్ చేస్తే "ఈడ ఎండ కాస్తాంది వదినా" అని నవ్వాడు. నాలుగు తిట్లు తిట్టాక గొర్రెలను తోలుకొచ్చాడు. బడి వరండా ఎక్కేసరికి ఉరుములు మొదలయ్యాయి.

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. దేశంలో పిడుగులకు ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. ఎక్కువమంది చేలల్లో, బీళ్లల్లో ఉండేవాళ్లే. మా ఊళ్లో స్మార్ట్‌ఫోన్ లేనిదీ వాళ్లకే: గొర్రెల కాపరులకు, కలుపు తీసే ఆడవాళ్లకు. చెట్టు కింద నిలబడొద్దు, పక్కా ఇంట్లోకి వెళ్లండి అని చెబుతారు. మంచి మాటే, కానీ మా చేలో నీడకు ఉన్నది ఒక్క వేపచెట్టే, ఊరు చూస్తే దూరం. మెసేజ్‌లు కూడా వస్తాయి గానీ, చదువు రానివాడికి మెసేజ్ వచ్చినా రాకపోయినా ఒకటే. ఫోన్ మోగితే మాత్రం ఎవరైనా ఎత్తుతారు. తెలుగులో మాట్లాడే కాల్ ఒకటి బటన్ ఫోన్లకు పెడితే దామినికి ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని. ఇప్పటికి నాలుగు.

మేఘదూత్‌కు రెండున్నర. మంగళ, శుక్రవారాలు తెరిస్తే చాలు.