“రక్తనాళాల వయసు” క్యాంపుల్లో డబ్బు కట్టకండి

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు తిరుగుతూ “ఉచిత రక్తనాళాల పరీక్ష” క్యాంపులు పెడుతున్నారు. మా దగ్గరా పెట్టారు. అమ్మ వేలికి క్లిప్పు పెట్టి, కాసేపటికి ట్యాబ్‌లో ఎర్రటి అంకెలు చూపించారు: “మీ రక్తనాళాల వయసు 78.” అమ్మకి 61. “ఆంటీ, ఇలాగే వదిలేస్తే స్ట్రోక్ వస్తుంది” అని అక్కడున్న అబ్బాయి భయపెట్టి, క్యాప్సూళ్ళ ప్యాకేజీకి 24,000 రూపాయలు కట్టించుకున్నాడు. ఆ రాత్రి అమ్మకి టెన్షన్‌తో నిద్ర లేదు.

మర్నాడు నేను వెంట వెళ్ళి మళ్ళీ చేయమన్నాను. ముందురోజు ఏసీ కిందే కూర్చోబెట్టారట, చేతులు మంచులా ఉన్నాయట. ఈసారి పక్కకి కూర్చోబెట్టి, అరచేతులు రుద్ది వెచ్చబడ్డాక పెట్టించాను. 66 అని వచ్చింది. డబ్బా సీలు కూడా తీయలేదు, పన్నెండేళ్ళు ఎలా తగ్గాయి అంటే జవాబు లేదు.

ఈ పరీక్ష వెనక సైన్సు లేదని కాదు. క్లిప్పు వేలి మీద వెలుతురు వేసి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ అక్కడ రక్తం ఎంత పెరిగి తగ్గుతోందో గీత గీస్తుంది. వయసుతో పాటు ఆ గీత ఆకారం మారుతుందని 1998లో జపాన్ పరిశోధకులు చూపించారు. కానీ వేళ్ళు చల్లబడినా, అప్పుడే సిగరెట్ తాగినా, చెయ్యి కదిలినా గీత మారిపోతుంది. పెద్ద ధమనులు గట్టిపడ్డాయేమో చూడాలంటే డాక్టర్లు మనిషిని పడుకోబెట్టి, మెడ దగ్గరా గజ్జల దగ్గరా నాడి పట్టి, ఆ నాడి అల ధమనుల్లో ఎంత వేగంగా వెళ్తోందో లెక్కిస్తారు. సెకనుకి 10 మీటర్లు దాటితే గట్టిపడినట్టు. బీపీ ఎక్కువగా ఉన్నా ఆ వేగం పెరుగుతుంది కాబట్టి, బీపీ కూడా చూశాకే ఏదైనా చెబుతారు. హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి తేల్చే సంగతి కాదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది వేరే. “ఈ క్యాప్సూళ్ళు వాడితే మెల్లగా బీపీ మాత్ర మానేయొచ్చు” అన్నారట. ఆ మాట నమ్మి మానేస్తే నిజంగానే స్ట్రోక్ దాకా వెళ్ళొచ్చు. డబ్బా మీద మాత్రం ఫుడ్ సప్లిమెంట్ అనే ఉంది.

డబ్బు వెనక్కి అడిగితే “పాలసీ లేదు” అన్నారు. బిల్లు కూడా కాదు, చేత్తో రాసిన స్లిప్పు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. బీపీ, గుండె జబ్బులు నయం చేస్తామని మందులకు ప్రచారం చేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. అందుకే వాళ్ళ పాంప్లెట్ కూడా దాచాను.

పెద్దవాళ్ళ గురించి దిగులుగా ఉంటే బీపీ, షుగర్ బస్తీ దవాఖానాలో ఉచితంగా చూస్తారు. కొలెస్ట్రాల్ కూడా చేయించి డాక్టర్‌కి చూపించండి.

మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే కట్టేసి ఉంటే డబ్బా సీలు తీయనివ్వకండి, స్లిప్పు ఫోటో తీసి పెట్టుకోండి, బీపీ మాత్ర ఒక్క పూట కూడా తప్పకుండా చూడండి.