జాగ్రత్త: రూకీ హైప్ చూసి బాస్కెట్‌బాల్ కార్డులు కొనకండి, రెండుసార్లు మోసపోయి చెప్తున్నా

డాలస్ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లకి, ముఖ్యంగా ఇంట్లో బాస్కెట్‌బాల్ పిచ్చి ఉన్న పిల్లలున్నవాళ్లకి ఈ హెచ్చరిక. మన డాలస్ మావెరిక్స్ జట్టు కుర్రాడు కూపర్ ఫ్లాగ్ రూకీ కార్డుల (ఎన్‌బీఏ లీగ్‌లో మొదటి సీజన్‌లో ఆటగాడి బొమ్మతో వచ్చే కార్డుల) పేరు చెప్పి ఇక్కడ పెద్ద వ్యాపారమే నడుస్తోంది. శనివారం కార్డ్ షోలలో అదే మాట, ఫోన్‌లో లైవ్ పెట్టి ప్యాకులు చింపేవాళ్ల దగ్గర అదే మాట, చివరికి స్కూల్ బస్సులో కూడా అదే. నేను ఇందులో రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాను. మొదటిది 2021లో, రెండోది మొన్న నవంబరులో. ఆటగాడు వేరు, అమ్మినవాడు వేరు, కానీ నా తప్పు మాత్రం ఒక్కటే. ఒక కుర్రాడి మొదటి నాలుగు ఆటలు చూసి, రాబోయే పదిహేనేళ్ల ఆటకి ఇప్పుడే డబ్బు కట్టేశాను.

మొదటిది చెప్తాను. 2021 జనవరి. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. స్కూల్ అంతా లాప్‌టాప్‌లోనే. క్లాసు అయిపోగానే న్యూ ఆర్లియన్స్ పెలికన్స్ కుర్రాడు జయాన్ విలియమ్సన్ డంకులు పెట్టుకుని కూర్చునేవాడు. పుట్టినరోజుకి ఏం కావాలంటే జయాన్ కార్డు అన్నాడు. మాకు దగ్గర్లోని మాల్‌లో చిన్న కార్డుల షాపు ఉంటే తీసుకెళ్లాను. షాపతను మాతో బేరం కూడా మొదలుపెట్టకుండా ముందు ఫోన్ తీసి వీడియో చూపించాడు. 2020 జనవరి 22, శాన్ ఆంటోనియో మీద జయాన్ మొదటి ఆట. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆడుతున్న కుర్రాడు, నాలుగో క్వార్టర్‌లో మూడు నిమిషాల్లో వరసగా 17 పాయింట్లు కొట్టాడు. వేసిన త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) నాలుగు, నాలుగూ పడ్డాయి. చూస్తుంటే నాకే ఒళ్లు పులకరించింది. "ఈ కుర్రాడే తర్వాతి లెబ్రాన్, ఈ రేటుకి మళ్లీ దొరకదు" అన్నాడు షాపతను. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు కదా, నేనూ అలాగే అనుకున్నాను. కార్డుల నాణ్యతకి గ్రేడులిచ్చే పీఎస్‌ఏ కంపెనీ పై గ్రేడు 10 ఇచ్చిన ప్రిజ్మ్ (ఒక కార్డుల సెట్ పేరు) కార్డు ఒకటి 260 డాలర్లు, వెండి మెరుపుతో ఇంకొకటి 90 డాలర్లు, రెండూ తీసుకున్నాను.

ఆ వీడియోలో చూపించనిది ఏంటంటే, ఆ ఆటలో కోచ్ అతన్ని ఆడించింది 18 నిమిషాలే. మోకాలి కోసం జాగ్రత్తగా లెక్కపెట్టి ఆడించారు. ఆ సీజన్ మొత్తం ఆడింది 24 ఆటలు. రూకీ ఆఫ్ ది ఇయర్ అవార్డు కూడా అతనికి రాలేదు, డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే చోట) రెండో పిక్‌గా వచ్చిన జా మొరాంట్‌కి వచ్చింది. తర్వాతి ఏడాది జయాన్ సగటున 27 పాయింట్లు కొట్టాడు, అది నిజమైన ఆటే. కానీ ఆ తర్వాత పాదం విరిగి 2021-22 సీజన్ మొత్తం కూర్చున్నాడు. 2025 వేసవి వరకు ఆరు సీజన్లు లెక్కేస్తే జట్టు ఆడిన 472 ఆటల్లో అతను ఆడినవి 214. సగం కూడా కాదు. ఆటలో లోపం లేదు, ఒళ్లు సహకరించలేదు. ఆ మాట 2019లోనే కనపడింది. డ్యూక్ కాలేజీలో ఉండగా నార్త్ కరొలైనా మీద ఆట మొదలైన అర నిమిషంలోనే బూటు చిరిగిపోయి మోకాలు మెలిపడింది. అదే ఏడాది జులైలో లాస్ వేగస్ సమ్మర్ లీగ్‌లో (సీజన్‌కి ముందు ఎక్కువగా కొత్త కుర్రాళ్లు ఆడే ఆటల్లో) మోకాలికి దెబ్బ, అక్టోబరులో ఆపరేషన్. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసినా వీడియో చూసి మర్చిపోయాను.

పోయిన వేసవిలో ఆ 260 డాలర్ల కార్డు షోకి తీసుకెళ్తే 25 ఇస్తామన్నారు. రెండో కార్డు చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఇది రూకీ కార్డు కాదండీ" అన్నాడు ఒక పెద్దాయన, వేలు పెట్టి చూపిస్తూ. జయాన్ ఒంటి మీదున్నది డ్యూక్ కాలేజీ జెర్సీ! ప్రిజ్మ్ పేరుతోనే డ్రాఫ్ట్ పిక్స్ అని వేరే సెట్ ఉంటుంది, దూరం నుంచి చూస్తే అసలు ప్రిజ్మ్ లాగే మెరుస్తుంది. అసలైన దాంట్లో పెలికన్స్ జెర్సీ ఉంటుంది, మూల ఆర్‌సీ (రూకీ కార్డు) అని గుర్తు ఉంటుంది, వెనకాల నంబరు 248. నాకు అమ్మినవాడికి ఈ తేడా తెలియకుండా ఉండదు. మా వాడు నాలుగేళ్లుగా దాన్ని పెద్ద గొప్పగా ఫ్రెండ్స్‌కి చూపిస్తున్నాడు. ఆ రోజు కార్లో ఇంటికొచ్చేవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ 90 డాలర్ల కంటే నాకు అదే బాధ.

ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది. 10 గ్రేడు అంటే అరుదు అనుకున్నాను. కరోనా రోజుల్లో జనం పెట్టెలకి పెట్టెలు గ్రేడింగ్‌కి పంపారు. కుప్పలు పేరుకుపోయి 2021 మార్చిలో పీఎస్‌ఏ వాళ్లు మామూలు రేటు కార్డులు తీసుకోవడమే ఆపేశారు. జయాన్ మామూలు ప్రిజ్మ్ కార్డుకి 10 గ్రేడు వచ్చినవి వేలల్లో ఉన్నాయి. ఏ కార్డుకి ఏ గ్రేడు ఎన్ని ఇచ్చారో వాళ్ల సైట్‌లోనే ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. నేను చూడలేదు.

ఇంత జరిగాక మళ్లీ ఎలా పడ్డావయ్యా అంటారా? ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి అర్థమవుతుంది. 2025 ఫిబ్రవరిలో మన జట్టు స్టార్ లూకా డాన్చిచ్‌ని లేకర్స్‌కి పంపేసినప్పుడు మా ఇంట్లో అన్నం సహించలేదు. మే 12న, డ్రాఫ్ట్‌లో ముందు ఎవరు ఎంచుకోవాలో తేల్చే లాటరీలో, 1.8 శాతం అవకాశంతో, మొదటి పిక్ మన మావెరిక్స్‌కి వచ్చింది, అంటే ఫ్లాగ్ మనకే వస్తాడన్నమాట. ఊరంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. డ్రాఫ్ట్‌కి ఇంకా ఆరు వారాలుంది, కుర్రాడు ఇంకా సంతకం పెట్టలేదు, అప్పుడే ఒకతను మావెరిక్స్ జెర్సీలో వచ్చే ఫ్లాగ్ కార్డులకి అడ్వాన్సులు తీసుకోవడం మొదలుపెట్టాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. నా రెండో దెబ్బ ఇతని దగ్గరే.

ఇతను చేసేది బ్రేక్. తెలియనివాళ్లకి చెప్తాను. ఒక పెద్ద పెట్టె నిండా ప్యాకులుంటాయి. ముప్పై జట్ల పేర్లనీ ముప్పై స్పాట్లుగా అమ్ముతారు. రాత్రి లైవ్ పెట్టి అన్నీ చింపుతారు. ఏ జట్టు కార్డు వస్తే ఆ జట్టు కొన్నవాళ్లకి. మన జట్టు కార్డు రాకపోతే మనకేమీ రాదు. డాలస్ స్పాట్ నాకు 385 డాలర్లు పడింది. అదే పెట్టెలో కొన్ని జట్ల స్పాట్లు 15 డాలర్లకే పోయాయి. అంటే ఫ్లాగ్ కార్డు రాకముందే, వచ్చినట్టే, దాని ధర మొత్తం నా దగ్గర వసూలు చేసేశారన్నమాట.

రాత్రి పదకొండున్నర. పొద్దున్నే స్కూల్ ఉన్నా మా వాడిని కూర్చోబెట్టాను, నేనే. తెరమీద నల్ల గ్లవ్స్ వేసుకున్న రెండు చేతులు మాత్రమే కనపడతాయి. ప్యాకు అంచు చింపడం, కార్డులు బోర్లా పెట్టి ఒక్కోటీ మెల్లగా జరపడం, మధ్యలో "ఇదిగో వస్తోంది, డాలస్ వాళ్లు రెడీయా" అని ఊరించడం. డాలస్ రంగు నీలం అంచు కనపడితే చాలు, మా వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. ఒకటి ఓర్లాండో, ఒకటి మిన్నెసోటా. గంటన్నర తర్వాత లెక్క తేలింది. డాలస్‌వి మొత్తం ఐదు కార్డులు, ఐదూ పాత ఆటగాళ్లవి, మామూలువి. ఫ్లాగ్ ఒక్కటీ లేదు. మర్నాడు మెసేజ్ పెడితే, కార్డు వస్తుందన్న గ్యారంటీ లేదు, డబ్బు వెనక్కివ్వడం లేదు అని స్పాట్ కొన్న పేజీలో కింద రాసే ఉంది చూసుకోండి అన్నారు. చూశాను, రాసే ఉంది. కానీ నాతో ఫోన్‌లో మాట్లాడినప్పుడు "రెండు మూడు ఖాయంగా వస్తాయన్నా" అన్నది కూడా ఆ గొంతే.

డబ్బు సంగతి ఎలా ఉన్నా, కుర్రాడి ఆటని వీళ్లు ధర కోసం ఎలా తిప్పుతారో చూడండి. జులైలో సమ్మర్ లీగ్ మొదటి ఆటలో ఫ్లాగ్ 21 షాట్లు వేస్తే 5 పడ్డాయి, 10 పాయింట్లు. "చూశారా, ఇప్పుడే తగ్గింది, కొనేయండి" అన్నారు. రెండో ఆటలో 31 కొట్టాడు. "పెరుగుతోంది, కొనేయండి" అన్నారు. అక్టోబరు 22న అసలు సీజన్ మొదటి ఆటలో మన జట్టు శాన్ ఆంటోనియో చేతిలో 125-92తో చిత్తుగా ఓడింది. ఫ్లాగ్‌కి 10 పాయింట్లు, అవతల వాళ్ల స్టార్ వెంబన్యామాకి 40. డిసెంబర్ 15న యూటాలో ఫ్లాగ్ 42 కొట్టాడు. 18 ఏళ్ల వయసులో ఎన్‌బీఏలో అంతకుముందు ఎవరూ 40 దాటలేదు. ఆ శనివారం షోలో ఆ బ్రేక్ అతని బల్ల ముందు నిలబడి చూశాను. ఒక ఫ్లాగ్ కార్డు మీద స్టిక్కర్‌లో 180 అని పెన్నుతో కొట్టేసి పక్కన 260 రాసి ఉంది. సిరా ఇంకా మెరుస్తోంది. ఆ ఆటలో మన జట్టు ఓవర్‌టైమ్‌లో ఓడిపోయిందన్న మాట అక్కడెవరూ ఎత్తలేదు.

రూకీని అంచనా వేయడం తేలికైతే, ఇన్ని స్కౌట్లు, డాక్టర్లు ఉన్న జట్లే తప్పు చెయ్యవు. 2013లో క్లీవ్‌లాండ్ మొదటి పిక్‌గా ఆంథొనీ బెనెట్‌ని తీసుకుంది. నాలుగేళ్లలో నాలుగు జట్లు మారి లీగ్‌లోంచే వెళ్లిపోయాడు. ఆ ఏడాది రూకీ ఆఫ్ ది ఇయర్ మైకేల్ కార్టర్ విలియమ్స్. మొదటి ఆటలోనే చాంపియన్ మయామీ మీద 22 పాయింట్లు, 12 అసిస్టులు, 9 స్టీల్స్, 7 రీబౌండ్లు. అంతకంటే గొప్ప మొదటి రాత్రి ఏముంటుంది? రెండో సీజన్ పూర్తికాకముందే ఫిలడెల్ఫియా అతన్ని వేరే జట్టుకి పంపేసింది. ఆ మొదటి ఏడాది ఫిలడెల్ఫియా గెలిచింది 19 ఆటలే, వరసగా 26 ఓడింది. అలాంటి జట్టులో బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి అంకెలు వస్తాయి. ఇక అదే డ్రాఫ్ట్‌లో 15వ పిక్ యానిస్, మొదటి ఏడాది సగటు 6.8 పాయింట్లు. తర్వాత రెండుసార్లు ఎంవీపీ (ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు), 2021లో చాంపియన్. యోకిచ్ అయితే 2014లో 41వ పిక్, మూడుసార్లు ఎంవీపీ.

మళ్లీ, హైప్ అంతా అబద్ధమని కూడా నేను అనను. లెబ్రాన్ స్కూల్లో ఉండగానే పత్రిక ముఖచిత్రం మీదికెక్కాడు, మొదటి ఆటలో 25 పాయింట్లు కొట్టాడు, ఆ మాట నిలబెట్టుకున్నాడు. వెంబన్యామా సమ్మర్ లీగ్ మొదటి రాత్రి 13 షాట్లు వేస్తే 2 పడ్డాయి, అయినా ఆ ఏడాది ఓట్లన్నీ అతనికే పడి రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. కానీ రెండో సీజన్‌లో భుజంలో రక్తం గడ్డకట్టి ఫిబ్రవరిలోనే ఆట ఆగింది. హైప్ నిజమైనా ఆ ధరలో ఇవన్నీ ఎవరూ లెక్కెయ్యరు, అదే నా బాధ.

పిల్లలు అడిగితే నేనిప్పుడు చూసేవి కొన్నే. ఎన్ని పాయింట్లు అన్నది ఆఖర్న. ముందు ఎన్ని ఆటలు ఆడాడు, ఎన్ని నిమిషాలు ఆడాడు. తర్వాత ఫ్రీ త్రోలు. చేతిలో షాట్ ఉందో లేదో అక్కడ తెలిసిపోతుంది, అడ్డు ఎవరూ ఉండరు కదా. 2017లో మొదటి పిక్ మార్కెల్ ఫుల్ట్జ్ కాలేజీలో త్రీలు 41 శాతం వేశాడని ఊదరగొట్టారు, ఫ్రీ త్రోలు 65 శాతం దగ్గరే ఉన్నాయన్న మాట ఎవరూ చెప్పలేదు. లీగ్‌లోకి వచ్చాక అతని షాటే దారి తప్పింది. సమ్మర్ లీగ్‌ని అసలు లెక్కలోకి తీసుకోకండి. 2012లో అక్కడ బెస్ట్ ప్లేయర్ అవార్డు డేమియన్ లిల్లార్డ్, జాష్ సెల్బీ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. సెల్బీ పేరు మీలో ఎంతమంది విన్నారు?

కొనే తీరాలంటే బ్రేక్ స్పాట్ కొనకండి, కావాల్సిన కార్డునే విడిగా కొనండి. జెర్సీ ఎన్‌బీఏదేనా, ఆర్‌సీ గుర్తు ఉందా చూడండి. 2025-26 నుంచి ఎన్‌బీఏ కార్డులు వేసే లైసెన్స్ టాప్స్ కంపెనీకి వచ్చింది, అంతకుముందు పదహారు సీజన్లు పానిని కంపెనీది. అందుకని ఫ్లాగ్ ఎన్‌బీఏ రూకీ కార్డు ఏ కంపెనీదో అడిగి తెలుసుకోండి. అమ్మేవాడు చెప్పిన ధర కాదు, నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడండి, అదీ నెల రోజులవి. నోటితో "ఖాయం" అంటే, అది రాసి పంపమనండి.

ఆ డ్యూక్ జెర్సీ కార్డు ముందూ వెనకా ఫొటోలు, అసలు ప్రిజ్మ్ ఫొటోలు పక్కపక్కన పెట్టి ఉంచాను. రేపు శనివారం షోకి వెళ్తున్నవాళ్లు ఎవరైనా మెసేజ్ పెడితే పంపిస్తాను. ఏదైనా కార్డు చూపించి రూకీ అంటే, డబ్బు ఇచ్చేముందు ఫొటో తీసి నాకు పెట్టండి, పనిలో ఉన్నా చూసి చెప్తాను. మా వాడు కూడా వస్తున్నాడు. ఈసారి డబ్బు తెచ్చుకోవడం లేదు, ఆ పెద్దాయన బల్ల దగ్గర కూర్చుని అసలుది, కానిది ఎలా చూడాలో నేర్చుకుంటానన్నాడు.