అహోబిలం వెళ్తే రాత్రికి ఉండేలా వెళ్లండి

"ఒక్క రోజులో నవ నారసింహ దర్శనం" అని తిప్పే టెంపో ట్రావెలర్లు ఇప్పుడు చాలా వచ్చాయి. తెల్లవారుజామున దింపుతారు, చీకటి పడేలోపు తొమ్మిది గుళ్లూ చుట్టించి మళ్లీ ఎక్కిస్తారు. కాళ్లలో సత్తువ ఉంటే దర్శనాలు అవుతాయి, కాదనను. కానీ మనశ్శాంతి కోసం నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లి కూర్చోవాలనుకునేవాళ్లు అహోబిలాన్ని అలా చూస్తే డబ్బూ దండగే, కొండా దండగే. శ్రీశైలం, మహానంది, అహోబిలం మూడూ నల్లమల క్షేత్రాలే. ఏకాంతం కావాలంటే నా ఓటు అహోబిలానికి. అయితే కనీసం రెండు రాత్రులు అక్కడ ఉండాలి.

శ్రీశైలం గొప్పతనం గురించి నేను చెప్పేదేముంది. జ్యోతిర్లింగం, శక్తిపీఠం ఒకే ప్రాకారంలో ఉన్న చోటు అది. కానీ ఇప్పుడది ఊరు. క్యూలు, టికెట్ల రకాలు, మైకుల్లో ప్రకటనలు, శని ఆదివారాల్లో కారు పెట్టడానికి కూడా చోటు దొరకని జనం. శ్రీశైలంలో దర్శనం బాగా జరుగుతుంది, ధ్యానం కుదరదు. మహానంది ఇంకో రకం. నంద్యాలకు దగ్గర, చుట్టూ అరటితోటలు, గుండుసూది వేసినా అడుగున కనిపించేంత తేటైన కోనేరు. ఆ నీళ్లలో మునిగి లేస్తే ప్రాణం లేచి వస్తుంది. అయితే ఒక పూటలో చూడాల్సింది అయిపోతుంది. కాబట్టి నంద్యాల దాకా రైల్లో వచ్చేవాళ్లు మహానందిలో స్నానం, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి అహోబిలం బయల్దేరితే సరిగ్గా సరిపోతుంది.

దారి సులువే. నంద్యాల నుంచి కడప వైపు వెళ్లే హైవే మీద ఆళ్లగడ్డ, అక్కడి నుంచి లోపలికి దిగువ అహోబిలం. మొత్తం 70 కిలోమీటర్లకు అటూఇటుగా. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల పాకల ముందు సగం చెక్కిన విగ్రహాలు వరసగా కనిపిస్తాయి. పది నిమిషాలు ఆగి చూడండి, ఎవరూ ఏమీ అనరు. బస్సులో వచ్చేవాళ్లకు ఆళ్లగడ్డ నుంచి బస్సులు, ఆటోలు ఉంటాయి. ఏటీఎం, మందుల షాపు పనులు కూడా ఇక్కడే ముగించుకోవాలి.

బస విషయంలో మొదట తేల్చుకోవాల్సింది దిగువా, ఎగువా అన్నది. రెండింటి మధ్య 8 కిలోమీటర్ల ఘాటు రోడ్డు. దిగువలో మఠం గదులు, టీటీడీ వసతి, పర్యాటక శాఖ హరిత, కుల సత్రాలు, ప్రైవేటు లాడ్జీలు అన్నీ ఉన్నాయి. ఎగువలో వసతి చాలా తక్కువ. సౌకర్యాలూ అంతంత మాత్రమే, ఫోను సిగ్నల్ వచ్చినప్పుడు వస్తుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే దిగువలోనే ఉండండి. కారు పెట్టుకోవడానికి చోటు, ఏసీ కావాలంటే హరిత వైపు చూడండి. నా మట్టుకు నాకు సత్రం గదే నచ్చింది. నేల మీద చాప, గోడకు ఒక మేకు, కిటికీలోంచి కొండ. తొమ్మిదింటికల్లా లైట్లు ఆరిపోతాయి, తెల్లవారుజామున గుడి మైకు లేపుతుంది.

మొదటి రాత్రి మాత్రం ఒక ప్రైవేటు లాడ్జిలో ఉన్నాం. గది శుభ్రంగానే ఉంది, గీజర్ ఉందన్నారు, ఉంది కూడా, గోడకు. వేణ్ణీళ్లు బకెట్ లెక్కన కట్టెల పొయ్యి మీద కాచి ఇచ్చారు. అది పెద్ద బాధ కాదు. అర్ధరాత్రి దాటాక దిగిన టూరు బృందం తలుపులు బాదుకుంటూ, గిన్నెలు దించుకుంటూ తెల్లార్చింది. తమిళనాడు నుంచి వచ్చే బృందాలు వంటవాళ్లను వెంటబెట్టుకుని వస్తాయి. వాళ్లను తప్పుపట్టను, అంత దూరం నుంచి అంత భక్తితో వస్తున్నారు. గది తీసుకునేటప్పుడు మాత్రం లాడ్జి ముందు బస్సు ఆగే చోటుందా అని చూసుకోండి. ఉంటే ఇంకో లాడ్జి వెతుక్కోండి.

స్వాతి నక్షత్రం రోజు, వారాంతాలు, ఫాల్గుణ బ్రహ్మోత్సవాలు, నరసింహ జయంతి, ఈ రోజుల్లో వెళ్తే ఏకాంతం మాట మరచిపోవాలి. మంగళ, బుధవారాల్లో వెళ్లిచూడండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. వానాకాలం చివర్లో కొండ మీంచి దిగే భవనాశిని ఏరు నిండుగా పారుతుంటే కళ్లు చాలవు, కానీ బండలు పాచిపట్టి జారతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ రాతి మీద నడవడం ఎవరికీ చెప్పను.

ఇక కొండ. మొదటి రోజంతా ఎగువకు కేటాయించండి. ఉగ్రనరసింహుడు గుహలో స్వయంభువు. పై కప్పు అంతా కొండరాయే, లోపల నూనె దీపాల వాసన. మధ్యాహ్నం తలుపులు వేస్తారు కాబట్టి పొద్దున్నే దర్శనం చేసుకుని, భవనాశిని వెంబడి నడక మొదలుపెట్టాలి. ముందు వరాహ నరసింహుడు, అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఒకటి మాలోలుడి వైపు, ఒకటి జ్వాలా నరసింహుడి వైపు. మాలోలుడి ఉత్సవమూర్తి గుడిలో ఉండదు. అహోబిల మఠం పీఠాధిపతి జీయరుగారు ఎక్కడికి వెళ్తే అక్కడికి ఆయన వెంట వెళ్తుంది. ఆ పక్కనే ప్రహ్లాద బడి అని ఒక రాతి చరియ ఉంది. అక్కడి అలికిడి లేని తనంలో గంటసేపు కూర్చున్నాను, ఒక్క కోతి తప్ప ఎవరూ పలకరించలేదు.

జ్వాలా నరసింహుడి దారి మెట్లు, మళ్లీ మెట్లు. చివర్లో కొండ అంచు మీంచి నీళ్లు దూకుతుంటాయి, తడుస్తూనే దాటాలి. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన చోటు ఇదేనంటారు. దగ్గర్లోని రక్తకుండంలో స్వామి చేతులు కడుక్కున్నాడని చెబుతారు. నీటి చప్పుడు, గుహ చల్లదనం, పైన నిలువునా లేచిన కొండ. తొమ్మిది గుళ్లలో మళ్లీ మళ్లీ వెళ్లాలనిపించేది ఇదొక్కటే. అక్కడి దాకా వచ్చి పది నిమిషాల్లో తిరుగుముఖం పట్టించే ఏ టూరు వాళ్లకూ డబ్బు ఇవ్వబుద్ధి కాదు. తమిళ వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు ఈ కొండను దైవానికి తప్ప ఇతరులకు చేరరాని చోటని పాడాడు. రోడ్డు, రెయిలింగు లేని రోజుల్లో ఎలా వచ్చాడో!

స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని చెప్పే, పైన కనిపించే ఉగ్రస్తంభం సంగతి వేరు. కొండ చీలి నిలబడ్డట్టుండే ఆ బండ వరకు చివరి భాగం నిజంగా కష్టం. కదిలే రాళ్లు, పట్టుకోవడానికి వేళ్లు, కొమ్మలే ఆధారం. తోడు లేకుండా వెళ్లకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కింద నుంచి దణ్ణం పెట్టుకున్నా ఫలం వస్తుందని మా గైడే చెప్పాడు. అక్కడి కుర్రాడు, పుట్టింది ఆ ఊళ్లోనే. మా పిన్ని ఆయాసపడుతుంటే "నిదానంగా రా పెద్దమ్మా, సామి యాడికీ పోడులే" అన్నాడు. గైడుకి పెట్టే డబ్బు ఈ యాత్రలో అన్నిటికన్నా సార్థకమైన ఖర్చు. ఏయే గుళ్లు, ఎంత సేపు, ఎంత డబ్బు అన్నది బయల్దేరకముందే తేల్చుకోండి. డోలీలు కూడా ఉన్నాయి. బేరం మోసేవాళ్ల మొహాలు చూసి ఆడండి, ఆ మెట్ల మీద మనిషిని మోయడం తమాషా కాదు. ఊతకర్ర కింద కొనుక్కుంటే నడకకూ, కోతులకూ పనికొస్తుంది. కొబ్బరి చిప్పలు, అరటిపళ్లు చేత్తో పట్టుకోకండి.

రెండో రోజు తేలిక. ఎగువకు వెళ్లే దారిలోనే కానుగ చెట్టు కింద కారంజ నరసింహుడు, చేతిలో విల్లు ఉంటుంది. దిగువ చుట్టుపక్కల భార్గవ, యోగానంద, ఛత్రవట నరసింహులు ఆటోలో తిరగొచ్చు. ఛత్రవట నరసింహుడు చేత్తో తాళం వేస్తున్నట్టు ఉంటాడు. హాహా హూహూ అనే గంధర్వుల పాటకు మెచ్చాడని కథ. అర్చకులు అడిగితే మా పిన్ని అన్నమయ్య పదం ఒకటి పాడింది, వెనక నిలబడ్డ తమిళ మామ్మగారు అందుకుంది. జపం చేసుకోవాలనుకునేవాళ్లు యోగానందుడి దగ్గర కూర్చుంటారు. అక్కడ పొద్దుటి పూట మంచిది.

పావన నరసింహుడికి వెళ్లే జీపు ప్రయాణం మాత్రం అందరికీ కాదు. అది రోడ్డు కాదు, బండల వాగు. నడుం నొప్పి ఉన్నవాళ్లు మానుకోండి. కాలినడకన ఎగువ నుంచి ఆరేడు కిలోమీటర్ల అడవి దారి ఉంది కానీ ఇది పులులు తిరిగే నల్లమల, గుంపుగా, తెలిసినవాళ్లతోనే వెళ్లాలి. జీపులో ఎంతమందిని కుక్కుతారో ముందే అడగండి. మాతో చెప్పిన లెక్క ఒకటి, ఎక్కించిన లెక్క ఒకటి. ఇంత చెప్పినా, చెంచులు తమ ఆడబిడ్డ చెంచులక్ష్మిని ఇచ్చిన అల్లుడిగా స్వామిని కొలిచే చోటు చూడాలంటే వెళ్లాల్సిందే. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో ఉత్సవమూర్తులు పల్లకీలో దాదాపు 40 రోజుల పాటు ఊరూరూ తిరుగుతాయి, తన పెళ్లికి రమ్మని స్వామే స్వయంగా పిలిచి వస్తాడన్నమాట. ఆ రోజుల్లో వస్తే గుళ్లలో కాదు, పల్లెల్లో ఉంటుంది ఉత్సవం.

తిండి గురించి పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. దిగువలో టిఫిను హోటళ్లు ఉన్నాయి, ఉగ్గాణి బజ్జీ బాగుంటుంది. భోజనం ముందే చెప్పి పెట్టుకుంటే వేడిగా దొరుకుతుంది. కొండ ఎక్కేటప్పుడు నీళ్లు, వేరుశనగ పప్పు, బెల్లం దగ్గర పెట్టుకోండి. ప్లాస్టిక్ సీసాలు కిందికి తెచ్చేయండి, భవనాశినిలో ఇప్పటికే చాలా తేలుతున్నాయి.

సాయంత్రాలు దిగువ ప్రహ్లాదవరదుడి గుడికి వదిలేయండి. విజయనగర కాలపు మండపాలు, బయట కృష్ణదేవరాయల జయస్తంభం అని చెప్పే రాతి కంబం. ఆళ్వార్ల తమిళ పాశురాలు చదివే ప్రబంధ గోష్ఠి జరిగే వేళకు వెళ్తే అర్థం కాకపోయినా కూర్చోబుద్ధవుతుంది. అక్కడి నుంచి శ్రీశైలం కూడా వెళ్లాలనుకుంటే దోర్నాల మీదుగా ఒక పూట ప్రయాణం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి దారి గేట్లు మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరండి.