ఆటోక్రాస్‌లో మొదటి ఏడాది: డబ్బు టైర్ల మీదా, సస్పెన్షన్ మీదా, స్కూల్ మీదా?

అమెరికాలో ఉంటున్న మన కుర్రాళ్ళలో సివిక్ ఎస్ఐనో, జీఆర్86నో, మియాటానో కొనుక్కుని వీకెండ్ ఆటోక్రాస్‌కి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. ఒకటి రెండు ఈవెంట్లు అయ్యాక వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. వెయ్యి డాలర్లు పక్కన పెట్టాను, మంచి టైర్లు కొననా, సస్పెన్షన్ మార్పించనా, డ్రైవింగ్ స్కూల్‌కి వెళ్ళనా?

కొత్తవాళ్ళకి ఆట సంగతి నాలుగు ముక్కల్లో. ఖాళీ పార్కింగ్ లాట్‌లోనో పాత రన్‌వే మీదనో ఆరెంజ్ కోన్లు పేర్చి దారి గీస్తారు. పోటీ గడియారంతోనే, పక్క కారుతో కాదు. ఒక్కో రన్ 30 నుంచి 60 సెకన్లు. కోన్ పడితే 2 సెకన్లు కలుపుతారు, దారి తప్పితే ఆ రన్ లెక్కలోకి రాదు. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) అనే సంస్థ దీన్ని ‘సోలో’ పేరుతో నడుపుతుంది. దాని జాతీయ పోటీలు 2009 నుంచి నెబ్రాస్కాలోని లింకన్‌లో, ఒకప్పటి వైమానిక స్థావరం కాంక్రీట్ మీద జరుగుతున్నాయి. ఇండియాలో ఆటోక్రాస్ అంటే ఎక్కువగా మట్టి నేల మీదే కాబట్టి కింద చెప్పే టైర్ల లెక్క అక్కడికి పనికిరాదు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదట స్కూల్, తర్వాత అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం), ఉన్న టైర్లు అరిగాక మంచి టైర్లు, ఆ తర్వాతే స్వే బార్ (మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ). కోయిలోవర్ల (కారు ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ సెట్) జోలికి మొదటి ఏడాది వెళ్ళొద్దు.

స్కూలా, పార్టులా?

పొద్దున ఏడింటికి వెళ్తే ఇంటికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. అందులో మీరు కారు నడిపేది మహా అయితే ఐదారు రన్లు, అంటే ఐదు నిమిషాలు. మిగతా టైమంతా కోర్స్ నడిచి చూడటం, ఎండలో నిలబడి పడిపోయిన కోన్లు సర్దడం, గ్రిడ్‌లో, అంటే రన్ కోసం కార్లు వరసగా ఆగే చోట, వెయిట్ చేయడం. ‘నడపగా నడపగా అదే వస్తుంది’ అనే మాట ఇక్కడ చాలా నెమ్మదిగా నిజమవుతుంది. తప్పు ఎక్కడ జరుగుతోందో పక్క సీట్లో కూర్చుని చెప్పే మనిషి దొరికితే ఆ ఐదు నిమిషాలకి విలువ పెరుగుతుంది. చాలా క్లబ్బుల్లో కొత్తవాళ్ళకి ఇన్‌స్ట్రక్టర్‌ని ఊరికే ఇస్తారు, అడగాలంతే. ఒక రోజు స్కూల్ అయితే ఒకే కార్నర్‌ని మళ్ళీ మళ్ళీ తిరగనిస్తారు. మామూలు ఈవెంట్‌లో ఆ అవకాశం ఉండదు.

ఐదు కోన్ల స్లాలమ్ తీసుకోండి, అంటే వరసగా పెట్టిన కోన్ల మధ్య కుడికీ ఎడమకీ మెలికలు తిరుగుతూ వెళ్ళడం. కొత్తవాళ్ళు కోన్ దగ్గరికి వచ్చాక స్టీరింగ్ తిప్పడం మొదలుపెడతారు. మొదటి కోన్ దాటుతారు, రెండోదానికి కొంచెం ఆలస్యం, మూడోదానికి కారు దూరంగా వెళ్ళిపోతుంది, నాలుగోదాని దగ్గర బ్రేక్, ఐదోది కారు కింద. ఆలస్యం ప్రతి కోన్‌కీ పేరుకుంటూ పోతుంది. చేయాల్సింది రెండు కోన్ల మధ్యలో ఉండగానే స్టీరింగ్ తిప్పడం. కోన్ పక్కకి వచ్చేసరికే కారు ముక్కు తర్వాతి కోన్ వైపు మళ్ళి ఉండాలి. కళ్ళు ఎప్పుడూ ముందున్న రెండో కోన్ మీద. వెనక చక్రం ముందు చక్రం కంటే లోపలి గీత మీద నడుస్తుందని గుర్తుంచుకోవాలి. కోన్‌ని ముందు టైర్ తప్పించుకున్నా వెనక టైర్ పడగొట్టేది అందుకే. స్లాలమ్ బాగుపడితే వచ్చే టైమ్ ఏ పార్ట్ కొన్నా రాదు.

ఇంకోటి అండర్‌స్టీర్. ‘స్టీరింగ్ తిప్పినా కారు తిరగట్లేదు, ముందుకే పోతోంది, వెనక లావు స్వే బార్ వేయిస్తాను’ అని చాలామంది అంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే ఉంటుంది ఇది చాలాసార్లు. బ్రేక్ ఆలస్యంగా, మెత్తగా వేసి, కార్నర్ లోపలి దాకా లాక్కొస్తారు. ముందు టైర్లు ఆపే పనీ తిప్పే పనీ రెండూ ఒకేసారి చేయలేక చేతులెత్తేస్తాయి. తేల్చుకునే పద్ధతి ఉంది. అదే కార్నర్‌కి 5 మైళ్ళు తక్కువ స్పీడ్‌తో, బ్రేక్ ముందే వదిలేసి వెళ్ళండి. ముక్కు చక్కగా లోపలికి వస్తే తప్పు నడిపే తీరుది. అప్పుడు కూడా బయటికే తోస్తుంటే కారు సెటప్ చూడాలి.

అలైన్‌మెంటా, టైర్లా?

ఇక్కడ చాలామంది నాతో ఒప్పుకోరు. మంచి టైర్లు వేస్తే తేడా మొదటి రన్‌లోనే తెలుస్తుంది, నిజమే. కానీ సివిక్, జీఆర్86 లాంటి కార్లకి ముందు స్ట్రట్ సస్పెన్షన్ ఉంటుంది. బాడీ పక్కకి ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా బయటికి వాలి, టైర్ అంచు మీద నిలబడుతుంది. దీన్ని సరిచేసేది నెగటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం. ఫ్యాక్టరీ నుంచి వచ్చేది చాలా తక్కువ. గ్రిప్ ఎక్కువున్న టైర్ వేస్తే కారు ఇంకా ఒరుగుతుంది, అంచు ఇంకా త్వరగా పోతుంది. ఎనిమిది, తొమ్మిది వందలు పెట్టి కొన్న టైర్ల మధ్య భాగం కొత్తగానే ఉండి, బయటి అంచు నున్నగా అయిపోతే చూడటానికే బాధ. అందుకే అలైన్‌మెంట్ ముందు. సుమారు 150 డాలర్ల పని. కారు ఒప్పుకున్నంత, మీ క్లాస్ రూల్స్ ఒప్పుకున్నంత నెగటివ్ క్యాంబర్ ముందు చక్రాలకి పెట్టించండి. టో అంటే పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. అది ముందు సున్నా, వెనక కొద్దిగా లోపలికి. ‘రోజూ ఆఫీసుకి వెళ్ళే కారు, టైర్లు తినేస్తుందేమో’ అన్న భయం ఎక్కువగా క్యాంబర్ మీద ఉంటుంది గానీ, టైర్లని అసలు తినేది టో. మియాటా వాళ్ళకి ఈ గొడవ తక్కువ, దాని సస్పెన్షన్ డబుల్ విష్‌బోన్, కారు ఒరిగినా చక్రం అంతగా బయటికి వాలదు కాబట్టి.

గాలి సంగతి అయితే పైసా ఖర్చు లేదు. టైర్ పక్క గోడ మీద, అంచుకి దగ్గరగా చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. దాని మీదుగా సుద్దముక్కతో గీత గీసి రన్‌కి వెళ్ళండి. గీత త్రికోణం కొన కంటే కిందికి చెరిగితే టైర్ మరీ మడత పడుతోంది, రెండు పీఎస్ఐ పెంచండి. కొన దాకా కూడా చెరగకపోతే తగ్గించండి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో వెనక గాలి కాస్త పెంచితే తోక కొంచెం తేలికగా తిరుగుతుంది. స్వే బార్ కొనే ముందు ఇది చేసి చూడటం న్యాయం.

టైర్లు కొనే రోజు వచ్చాక: ఎస్‌సీసీఏ స్ట్రీట్ క్లాసుల్లో (దాదాపు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండే కార్లవి) ట్రెడ్‌వేర్, అంటే టైర్ ఎంత మన్నుతుందో చెప్పే నంబర్, 200కి తగ్గకూడదు. కానీ ఆ నంబర్ టైర్ కంపెనీ తానే వేసుకునేది, అన్ని 200లూ ఒకటి కావు. యోకోహామా ఏ052 వెంటనే వేడెక్కి గట్టిగా పట్టుకుంటుంది. ఎండాకాలం ఒకే కారుని ఇద్దరు నడిపితే మాత్రం వేడి ఎక్కువై జారుతుంది, రన్‌కీ రన్‌కీ మధ్య నీళ్ళు చల్లుతూ కూర్చోవాలి. హాంకూక్ ఆర్ఎస్4 చాలా కాలం మన్నుతుంది, కానీ చలి పొద్దున 45 సెకన్ల రన్‌లో అది నిద్ర లేచేసరికి ఫినిష్ లైన్ వచ్చేస్తుంది. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ71ఆర్ఎస్ వేగంగానే వేడెక్కుతుంది, వేడికి ఏ052 కంటే మెరుగ్గా ఓర్చుకుంటుంది. నన్నడిగితే ఇద్దరు నడిపే కారుకి అదే. అప్పటిదాకా ఉన్న ఆల్‌సీజన్ టైర్లతోనే నడపండి. కీచుమంటూ ముందే హెచ్చరిస్తాయి, నేర్చుకునేటప్పుడు అది పనికొస్తుంది.

స్వే బారా, కోయిలోవర్లా?

దీనికి రూల్ బుక్కే జవాబు చెప్పేస్తుంది. స్ట్రీట్ కేటగిరీలో ముందుదో వెనకదో ఒక్క స్వే బార్ మార్చుకోవచ్చు. షాక్ అబ్జార్బర్లు కూడా మార్చుకోవచ్చు, స్ప్రింగులు మాత్రం ఫ్యాక్టరీవే ఉండాలి. కారు కిందికి దింపే కోయిలోవర్లు వేశారంటే వేరే కేటగిరీలోకి వెళ్ళిపోతారు. అక్కడ ఎదురయ్యేది సీట్లు, ఎగ్జాస్ట్, వెడల్పు చక్రాలు అన్నీ మార్చుకుని ఏళ్ళ తరబడి నడుపుతున్నవాళ్ళు. మీ కారు బాగుపడుతుంది, మీ స్థానం కిందికి పోతుంది.

వెనక బార్ ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకి నిజంగా పనిచేస్తుంది, కాదనను. వానలో అదే బార్ తోకని ఉన్నట్టుండి విసిరేస్తుంది, కాబట్టి గ్యాస్ మీంచి కాలు గభాలున తీయకూడదని ఒంటికి అలవాటయ్యాకే వేయించుకోండి.

కోయిలోవర్లకి, బిగించే కూలీతో కలిపి 1,500 డాలర్లు అనుకుందాం. ఎంట్రీ ఫీజు 60 డాలర్ల చొప్పున వేసుకుంటే ఆ డబ్బుకి 25 ఈవెంట్లు వస్తాయి. చాలా ఊళ్ళలో ఏడాది మొత్తం కలిపినా అన్ని ఈవెంట్లు పెట్టరు.