పాత కొట్టం తలుపులు: ఏటవాలు ఎండ మేలా, మబ్బు వెలుగు మేలా?

పల్లెల్లోని పాత కొట్టాల తలుపులనూ గోడలనూ ఫొటో తీసేవారు కెమెరా గురించీ లెన్సు గురించీ కన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఎండలో తీయాలా, మబ్బు పట్టిన రోజున తీయాలా? రెండు పక్షాలనూ గట్టిగా సమర్థించేవారు ఉన్నారు. నా మొగ్గు ఏటవాలు ఎండ వైపే. అందుకు కారణం మాత్రం ఉదయ సాయంత్రాల బంగారు రంగు కాదు, కిరణం చెక్క పలకను తాకే కోణం.

ఎండకూ వానకూ నలిగిన చెక్క అలా ఎందుకు కనిపిస్తుందో గమనిస్తే ఈ మాట స్పష్టమవుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పైపొరలోని లిగ్నిన్‌ను, అంటే చెక్క నారలను పట్టి ఉంచే పదార్థాన్ని, విడగొడతాయి, వాన దానిని కడిగివేస్తుంది, మిగిలిన పొర క్రమంగా వెండి బూడిద రంగుకు తిరుగుతుంది. చెట్టు ఏటా పెరిగేటప్పుడు తొలుత ఏర్పడిన మెత్తని కలప త్వరగా అరిగిపోతుంది, తరువాత ఏర్పడిన గట్టి కలప నిలబడుతుంది. అందువల్ల పాత పలక మీది చారలు వేలితో తడిమితే తగిలే మిట్టలూ పల్లాలూ. వాటి ఎత్తు చాలాచోట్ల ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అంత స్వల్పమైన ఎత్తును ఎదురుగా నిలబడి తీసిన ఫొటోలో చూపగలిగేది ముఖ్యంగా నీడే.

ఆ నీడ పొడవును కోణమే నిర్ణయిస్తుంది. 1 మిల్లీమీటరు ఎత్తున్న మిట్ట మీద కిరణం పలక తలానికి 45 డిగ్రీల కోణంలో పడితే నీడ 1 మిల్లీమీటరే ఉంటుంది. 15 డిగ్రీలకు సుమారు 3.7, 10 డిగ్రీలకు సుమారు 5.7 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. కోణం 5 డిగ్రీలకు దిగితే నీడ 11 మిల్లీమీటర్లు దాటి పక్క చారలను కూడా మింగేస్తుంది కాబట్టి, దగ్గర దగ్గరగా ఉన్న సన్నని చారలకు మరీ తక్కువ కోణమూ పనికిరాదు. పాత వర్ణచిత్రాల మీది పగుళ్లనూ రంగు ఉబ్బులనూ పరీక్షించే సంరక్షకులు దీపాన్ని పక్కనుంచి, దాదాపు చిత్రానికి ఆనించినట్లు పట్టేది కూడా ఇందుకే.

మబ్బు వెలుగులో తీసి, తరువాత కంప్యూటరులో కాంట్రాస్ట్ పెంచుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదని నా అభిప్రాయం. మబ్బు వెలుగు ఆకాశమంతటి నుంచీ వస్తుంది గనుక లోతు తక్కువైన గాడి లోపలికి కూడా అన్ని వైపుల నుంచీ చేరుతుంది. అందువల్ల అటువంటి ఫొటోలో గాడికి స్పష్టమైన నీడ ఉండదు; మరకా, గాడీ రెండూ ఒకే తీరున కొద్దిగా ముదురుగా కనిపిస్తాయి. కాంట్రాస్ట్ పెంచితే రెండూ కలిసే నల్లబడతాయి. ఏటవాలు ఎండలో ప్రతి మిట్టకూ ఒక అంచు వెలుగుతుంది, రెండో అంచు నీడలో ఉంటుంది. కన్ను గరుకుదనాన్ని పోల్చుకునేది ఆ జంటను చూసే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం చారల దిశ. వెలుగు చారలకు అడ్డంగా పడాలి. నిలువు పలకలతో చేసిన తలుపు మీద ఎండ పైనుంచి కిందికి జారితే గాడులు వాటి పొడవునా వెలుగుతో నిండిపోతాయి; అడ్డపట్టీల నీడ, గడియ నీడ బలంగా పడతాయే గాని పలక మాత్రం చదునుగా కనిపిస్తుంది. ఆ తలుపుకు పక్కనుంచి వచ్చే ఎండ కావాలి. అడ్డపలకల గోడకు దీనికి విరుద్ధంగా, సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు గోడ వెంబడి జారే ఎండే ఎక్కువ మేలు చేస్తుంది. మధ్యాహ్నం ఫొటోలకు పనికిరాదన్న మాటను ఈ గోడల విషయంలో పక్కన పెట్టవచ్చు. సూర్యుడు ఆకాశంలో గంటకు సుమారు 15 డిగ్రీలు కదులుతాడు కాబట్టి మంచి కోణం ఏ గోడ మీదా ఎక్కువసేపు నిలవదు. ట్రైపాడ్ ముందే నిలబెట్టి, కెమెరాను తలుపుకు సమాంతరంగా సరిచూసుకుని, ఎపర్చర్‌ను (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని) మధ్యస్థమైన ఎఫ్/8 దగ్గర ఉంచి వేచి ఉండటమే సరైన పద్ధతి.

ఫొటోగ్రఫీ తొలినాళ్లలోనే, 1844లో, ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఇంగ్లండ్‌లోని లేకాక్‌లో తెరిచి ఉన్న ఒక తలుపునూ, గుమ్మానికి ఆనించిన చీపురునూ ఫొటో తీశారు. చీపురు నీడ తలుపు మీద ఏటవాలుగా పడిన తీరు గమనిస్తే ఆయన వెలుగు కోణాన్ని ఎంత శ్రద్ధగా ఎంచుకున్నారో తెలుస్తుంది.

అయినా మబ్బు వెలుగుకు తనదైన బలం ఉంది, అది రంగు. తుప్పు పట్టిన ఒకే మేకును రెండు వెలుగుల్లో దగ్గరగా చూస్తే తేడా బోధపడుతుంది. ఏటవాలు ఎండలో మేకు తల అంచు మెరుస్తుంది, దాని నీడ పలక మీద పొడవుగా సాగుతుంది, చుట్టూ చీలిన చెక్క ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. మబ్బు వెలుగులో అదే మేకు కింద కారిన తుప్పు చార నారింజ నుంచి గోధుమకు, గోధుమ నుంచి నలుపుకు మారే తీరు నీడల అడ్డు లేకుండా తెలుస్తుంది. పెచ్చులూడిన రంగు పొరలు, పాకుడు పచ్చదనం, వానకు తడిసి ముదురెక్కిన చెక్క ఉన్న తలుపులకు నేను కూడా మబ్బు కోసమే చూస్తాను. తడి చెక్క మీది తెల్లని మెరుపును పోలరైజర్ అనే లెన్సు ఫిల్టర్ చాలావరకు తగ్గిస్తుంది, అయితే ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగును తీసుకుంటుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). నలుపు తెలుపు ఫొటో అయితే మాత్రం ఎండనే ఎంచుకోవాలి.

మిగిలిన మార్గాల గురించి చెప్పవలసింది తక్కువ. కెమెరా మీది ఫ్లాష్ తలుపుకు ఎదురుగా వెలుగు కొట్టి నీడలను చెరిపేస్తుంది కాబట్టి వద్దు. విడిగా పక్కన పెట్టిన ఫ్లాష్ పనిచేస్తుంది గాని, పెద్ద తలుపు మీద దగ్గరి అంచు మరీ తెల్లగా వెలిగి దూరపు అంచు చీకటిగా మిగులుతుంది.

ఏడాదిలో ఎక్కువ భాగం నేరుగా ఎండ తగలని గోడలు కూడా ఉంటాయి. వాటికి పూర్తి మబ్బు కన్నా, ఎదుట ఒక పక్క చెట్లో మరో గోడో అడ్డు ఉండి, రెండో పక్క ఆకాశం తెరిపిగా ఉన్న చోటు మేలు. అక్కడ నీడలోనే వెలుగు ఒక వైపు నుంచి ఎక్కువగా వస్తుంది. నీడలోని ఆ వెలుగు నీలి ఛాయతో ఉంటుంది కాబట్టి రా ఫైలులో (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైలులో) తీసి, రంగు సరిచూసుకునే బూడిద రంగు కార్డును తలుపు పక్కన ఉంచి ఒక ఫొటో అదనంగా తీసుకుంటే, పాత చెక్క అసలు రంగును తరువాత సరిగా రాబట్టవచ్చు.