చెరువు గట్టు మీద నడక దారి: గ్రావెలా, టైల్సా?

కోనసీమలోనైనా భీమవరం వైపైనా ఊరి చెరువు బాగుచేయగానే ముందు వినిపించే మాట "గట్టు మీద టైల్స్ వేయిద్దాం". ఫొటోకి బాగానే ఉంటాయి. కానీ మన నేల చాలాచోట్ల నల్ల బంకమట్టి. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది, టైల్స్‌ని తనతోపాటే కదిలిస్తుంది. దానికి తోడు ఎండ్రకాయలు, పందికొక్కులు. టైల్స్ కింది ఇసుక వాటి బొరియల్లోకి జారిపోయినా పైకి తెలియదు, ఒకరోజు కాలు దిగబడుతుంది. గ్రావెల్లో బొరియ పడితే వెంటనే కనిపిస్తుంది. రెండు తట్టలు పోసి దిమ్మిస కొడితే సరి.

అందుకే కొత్త గట్టుకు గ్రావెలే మేలు. 600 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అణిగాక 4 అంగుళాల మందం అంటే 1,200 ఘనపుటడుగులు. రోలర్ కింద అణిగేది కలిపి 15 యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు) తోలించాలి. రెండు పొరలుగా పోసి, నీళ్లు చల్లి తొక్కించాలి. అడ్డంగా 2 అంగుళాల వాలు చాలు. మంచినీళ్ల చెరువైతే వాలు బయటివైపుకే. గ్రావెల్ మెట్ట నుంచి రావాలి కాబట్టి కిరాయి బరువే. వానలయ్యాక ఏటా కొంత పైపూత కూడా తప్పదు.

టైల్సే కావాలంటే మట్టి పోశాక రెండు వానాకాలాలు ఆగండి. నడకకు 60 మిల్లీమీటర్ల మందం టైల్ దిమ్మలు, ట్రాక్టర్ ఎక్కేచోట 80. రెండు పక్కలా కాంక్రీటు అంచు లేకపోతే చివరి వరస జారి, మిగతావి దాని వెంటే పోతాయి. చక్రాల కుర్చీ వచ్చే గేటు దగ్గర మాత్రం టైల్సే నయం. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో ఈ ఉబ్బుడు బెడదే లేదు.

చెరువులో తీసిన పచ్చి ఒండ్రును గట్టుకెత్తి వారంలో దారి వేస్తే ఏదీ నిలవదు. కాలువలు కట్టేసిన వేసవిలో తవ్వి, ఆరనిచ్చి, 6 అంగుళాల పొరలుగా తొక్కించాలి.

గేదెల రేవు మరిస్తే అవి ఇష్టమొచ్చినచోట గట్టు కోసుకుని దిగుతాయి. అక్కడ గ్రావెల్ కొట్టుకుపోతుంది, టైల్స్ మీద గిట్టలు జారతాయి. అడ్డగీతలు పెట్టిన కాంక్రీటు ర్యాంపు వేయాలి. నీడకు గట్టు బయటి అడుగున కానుగ, నేరేడు వేయొచ్చు. కొబ్బరి మాత్రం వద్దు, కాయ నడిచేవాళ్ల నెత్తినే పడుతుంది.